గున్నమ్మ ఎక్కిన సత్తు పడవ

నేను ఒక అల్యూమినియం పడవను. పడవనని చెప్పుకోవడానికి ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంది. అడుగున ఉసిరికాయ పట్టేంత చిల్లు ఉన్నదాన్ని ఎవరూ పడవ అనరు. అయినా మొదట నేను పడవనే, అదీ మంచి పడవను. ఆ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను.

నేను బతికిన పేటలో అల్యూమినియం అనే మాట ఎవరూ వాడరు. వాళ్ళకది సత్తు. సత్తు గిన్నె, సత్తు బిందె, సత్తు పడవ. శ్రీకాకుళం వైపు ఒక ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట, ఏటికీ సముద్రానికీ మధ్య ఇసుక మీద ఉంటుంది ఇసుకలపేట. లారీ మీంచి నన్ను అక్కడ దించిన రోజున ఒక పెద్దమనిషి నా పక్కన వేలితో కొట్టి, "ఇందులో సేపలు పట్టాలా, గంజి కాసుకోవాలా?" అన్నాడు. ఒడ్డున ఉన్నవాళ్ళంతా పడీపడీ నవ్వారు. నవ్వని మనిషి ఒక్కతే ఉంది. ఆమె పేరు సూరాడ గున్నమ్మ. కాగితాల మీద నా యజమాని ఆమే.

అది ఎలా జరిగిందో చెబుతాను. ఆ ఏడు మత్స్యకారులకు పడవలిచ్చే పథకంలో, పడవ ఆడవాళ్ళ పేరునే ఇవ్వాలని పైన ఎక్కడో కూర్చుని ఎవరో రాశారు. రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. కాకపోతే వాళ్ళెవరూ ఇసుకలపేట చూసినవాళ్ళు కారు. ఆ పేటలో ఆడది పడవ ఎక్కకూడదు. ఒడ్డున నిలబడి పడవను కడగవచ్చు, వలలు బాగుచేయవచ్చు, పడవ తెచ్చిన చేపల్ని గంపకెత్తి ఎండలో పది ఊళ్ళు తిరిగి అమ్మవచ్చు. పడవలో మాత్రం కాలు పెట్టకూడదు. పెడితే అమ్మవారికి ఆగ్రహం. అంటే నేను ఎవరి సొత్తునో, ఆమె తప్ప మిగిలిన లోకమంతా నన్ను ఎక్కవచ్చు.

నన్ను పట్నం శివార్లలో ఒక రేకుల షెడ్డులో జోగారావు మేస్త్రి తయారుచేశాడు. రేకులు కోసి, వంచి, లోపల పక్కటెముకల్లా అడ్డపట్టీలు వేసి, రివెట్లు కొట్టి, అతుకుల మీద వెల్డింగు చేశాడు. అంతా అయ్యాక నన్ను నీళ్ళతొట్టిలో దించి మూడు గంటలు నా పక్కనే కూర్చున్నాడు. ఆ తర్వాత భుజం మీది తువ్వాలు తీసి నా లోపలి అడుగు తుడిచాడు. తువ్వాలు పొడిగా ఉంది. దాన్ని తోటి పనివాళ్ళకు జెండాలా ఊపి చూపించాడు. మనుషుల్లో నేను చూసిన మొదటి గర్వం అది. తర్వాత చాలా గర్వాలు చూశాను గానీ, పొడి తువ్వాలు చూపించి గర్వపడ్డవాడు మళ్ళీ కనబడలేదు.

నన్ను తీసుకుపోవడానికి గున్నమ్మా, ఆమె మొగుడు తాతారావూ వచ్చారు. తాతారావు నా చుట్టూ రెండుసార్లు తిరిగి, లారీవాడితో మాట్లాడాలని బయటికి వెళ్ళిపోయాడు. సంతకం చేయడానికి గున్నమ్మ లోపల ఉండిపోయింది. మేస్త్రి ఆమెను పిలిచాడు.

"పడవ నీ పేరునే ఉందిగా తల్లీ? అయితే నువ్వే విను. ఇది ఉప్పునీటిలో తిరిగే పడవ. దీన్ని రాయి గుద్దినా సొట్ట పడుతుందే తప్ప ఏమీ కాదు. కానీ రాగి మాత్రం దీనికి తగలనివ్వకండి. రాగి మేకు కొట్టొద్దు, రాగి తీగ కట్టొద్దు. ఉప్పునీటిలో రాగి దీన్ని ఆనుకుని ఉందంటే, దీన్ని కొద్దికొద్దిగా తినేస్తుంది. పైకి కనబడదు. కనబడేసరికి చిల్లు పడుతుంది."

"సత్తు గిన్నెలో సింతపండు పులుసు రేతిరంతా వొదిలేస్తే గిన్నె సిల్లులు పడిపోద్ది, అలాటిదేనా బాబూ?" అని అడిగింది గున్నమ్మ.

మేస్త్రి నవ్వాడు. "అదే అమ్మా. నీకు అర్థమైంది. ఇంజనీర్లకు బొమ్మ గీసి చెప్పాల్సి వస్తుంది."

ఆమె వెంటనే బయటికి వెళ్ళి మొగుడికి ఈ మాట చెప్పింది. నాకు వినబడింది, ఎందుకంటే అప్పటికే నన్ను లారీ మీదికి ఎక్కిస్తున్నారు. "మావా, దీనికి రాగి తగలకూడదట. సత్తు గిన్నెలో పులుసు లాగ తినేస్తాదట" అంది. తాతారావు తాడు ముడి వేస్తూ, "పడవలో పులుసు ఎవులు వొండుతారే?" అన్నాడు. లారీవాడు నవ్వాడు. తాతారావూ నవ్వాడు. ఆమె మళ్ళీ చెప్పింది. "సరేలే, తగలనివ్వను" అన్నాడు. ఈ రెండు ముక్కలూ గుర్తుంచుకోండి, ఎందుకంటే ఆయన గుర్తుంచుకోలేదు. కాదు, గుర్తుంచుకున్నాడు. అదే నా కడుపుమంట.

పడవలిచ్చే సభ కూడా ఒకటి జరిగింది. అధికారి ఒకాయన, "ఎక్కమ్మా, పడవలో కూర్చో, ఫొటో బాగుంటుంది" అన్నాడు. గున్నమ్మ నావైపు ఒక అడుగు వేసింది. ఎందుకు వేసిందో ఆమెకే తెలియదు. ఆమె అత్త పైడమ్మ దూరం నుంచి, "ఓలమ్మో, ఒద్దే!" అని కేక పెట్టింది. గున్నమ్మ వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. చివరికి ఫొటోలో ఆమె చేతిలో కాగితం, తాతారావు చేతిలో తెడ్డు, మధ్యలో నేను. కాగితం బరువు ఎంతో, తెడ్డు బరువు ఎంతో ఆ ఫొటో చూసినవాళ్ళకు తెలుస్తుంది.

తాతారావు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు ఈ కథ చెప్పడం సులువుగా ఉండేది. మంచి ఈతగాడు, ఏటిలో ఏ మూల ఎప్పుడు రొయ్య తిరుగుతుందో తెలిసినవాడు. ఇంట్లో గొంతు పెంచడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, ఊరు నవ్వితే తట్టుకోలేడు. నన్ను చూసి ఊరు నవ్వింది. మొదటి మూడు వేటలూ ఖాళీ వలతో తిరిగొచ్చాం. గాలి ఎదురైంది, అంతే. కానీ ఒడ్డున మాటలు మొదలయ్యాయి. "కట్టె కాదు, దూలం కాదు, పేనం లేని రేకు. అమ్మోరికి అది పడవని ఎలాగ తెలుస్తాది?" అన్నారు.

ఆ పేటలో చెక్క పడవ కట్టేటప్పుడు అడుగుదూలం బిగించే ముందు దాని కింద ఒక రాగి ముక్క పెడతారు. అమ్మవారి గుడిలో పూజ చేసే మనిషిని అక్కడ దాసుడంటారు. ఆ దాసుడు రాగికి పసుపు రాసి, మంత్రించి ఇస్తాడు. రాగి ఉంటే ఆ పడవ తనదని అమ్మవారు గుర్తుపడుతుందని నమ్మకం. చెక్కకు రాగి వల్ల ఏ హానీ లేదు. తాతల కాలం నుంచీ ఏ హానీ జరగలేదు. కాబట్టి నమ్మకం కూడా తాతల కాలం నుంచీ చెక్కు చెదరకుండా ఉంది.

తాతారావు దాసుడు లచ్చన్న దగ్గరికి వెళ్ళాడు. లచ్చన్న మోసగాడేం కాదు. రోజంతా ఉపవాసం ఉండి మరీ ఆ రాగి రేకు మీద గీతలు గీశాడు. నాలుగు వేళ్ళంత రేకు. తాతారావు దాన్ని నడుముకు చుట్టుకున్న తువ్వాలులో పెట్టుకుని, గున్నమ్మ చేపలమ్మడానికి వెళ్ళిన పూట చూసి నా దగ్గరికి వచ్చాడు. ముందు భాగంలో కాళ్ళు పెట్టుకునే చెక్క ఎత్తి, అడ్డపట్టీకీ అడుగురేకుకీ మధ్య సందులో రాగి రేకును గట్టిగా జొనిపి, చెక్క మళ్ళీ సర్దేశాడు. అటూ ఇటూ చూశాడు. చూసింది నేనొక్కదాన్నే.

సాయంత్రం గున్నమ్మ అడిగింది కూడా. "దాసుడి కాడికెల్లినావట. రాగి గాని ఎట్టినావేటి మావా?"

"నేదే. దండవెట్టి వొచ్చినాను, అంతే" అన్నాడు.

ఆ మర్నాటి వేటకు వల నిండుగా పడింది. గాలి మళ్ళింది కాబట్టి పడింది. కానీ గాలికి ఎవరూ కొబ్బరికాయ కొట్టరు.

ఆ తర్వాత రెండేళ్ళు నేను బాగానే పనిచేశాను. నాకు ఎక్కువ లోతు అక్కర్లేదు. చెక్క పడవలు బురదలో కూరుకుపోయే చోట నేను సులువుగా జారిపోయేదాన్ని. మడ చెట్ల వేళ్ళ దాకా వెళ్ళి పీతలు పట్టేవాళ్ళం. "గంజి కాసుకోవాలా" అన్న పెద్దమనిషే ఒకరోజు వచ్చి, ఇలాంటి పడవ ఎక్కడ దొరుకుతుందని తాతారావును అడిగాడు. తాతారావు రెండు రోజులు ఆ మాటే తలుచుకుని మురిసిపోయాడు.

పొద్దెక్కాక గున్నమ్మ వచ్చి నన్ను కడిగేది. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, కొబ్బరిపీచుతో ఇసుక రుద్ది, ఇంట్లో గిన్నెలు తోమినంత శ్రద్ధగా తోమేది. లోపల తోమాలంటే అంచు మీదుగా వంగి చెయ్యి చాపేది. చెయ్యి అందినంత మేర తళతళలాడేదాన్ని. చెయ్యి అందనిచోట, ముందు చెక్క కింద, ఆ రాగి నన్ను కొరుకుతూ ఉండేది. మొదట దురదలా ఉండేది. తర్వాత మంట. తర్వాత ఏమీ తెలియకుండా పోయింది. తెల్లటి పిండిలా రాలుతున్నాను. ఇంకొక్క జానెడు చెయ్యి సాగితే ఆమెకు దొరికిపోయేది. లోపల కాలు పెడితే సాగేది. కాలు పెట్టకూడదు కదా.

మూడో ఏడు ఆశ్వయుజంలో తుపాను వచ్చింది. కబురు తెలియగానే పేటలోని మగవాళ్ళంతా సముద్రంలో తిరిగే పెద్ద పడవల్ని కాపాడుకోవడానికి వాటిని దూరపు రేవుకు తీసుకుపోయారు. తాతారావూ వెళ్ళాడు. పేటలో ఆడవాళ్ళూ, లేవలేని ముసలివాళ్ళూ మిగిలారు. గాలి ఒక రోజు కొట్టి తగ్గింది గానీ ఏరు పొంగి దారి మునిగిపోయింది. ఆ పొద్దున్న పైడమ్మకు ఊపిరి అందలేదు. పెదవులు నల్లబడ్డాయి. గున్నమ్మ ఫోను చేస్తే, అంబులెన్సు అవతలి ఒడ్డు దాకా వచ్చి ఆగింది. ఇవతలికి రావడానికి దారి లేదు. మధ్యలో ఏరు. ఇవతల కట్టు కొయ్యకు కట్టి ఉన్న పడవను నేనొక్కదాన్నే.

గున్నమ్మ అత్తను భుజాన వేసుకుని వచ్చింది. ఎర్రటి నీళ్ళు ఒరుసుకుంటూ పోతున్నాయి. ఒడ్డున కర్ర పట్టుకుని ఉన్న ఒక ముసలాయన అడ్డం వచ్చాడు. "ఒలే గున్నమ్మా, ఆడది పడవెక్కితే ఊరికి మంచిది కాదే" అన్నాడు.

"అయితే నువ్వెక్కు తాతా. తెడ్డు ఇదుగో" అంది గున్నమ్మ.

ఆయన తెడ్డు వంక చూశాడు, ఏటి వంక చూశాడు, తన మోకాళ్ళ వంక చూసుకున్నాడు. పక్కకు జరిగాడు.

ఆమె అత్తను నాలో పడుకోబెట్టి, తాను ఎక్కింది. తెడ్డు వేయడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. కానీ ఇరవై ఏళ్ళుగా ఒడ్డున నిలబడి చూస్తున్న మనిషి. మొదట నన్ను గుండ్రంగా తిప్పేసింది. తర్వాత పోటుకు ఎదురు కొట్టడం మానేసి, ఏటవాలుగా జారనిచ్చి, కొంచెం కొంచెంగా అవతలికి తోసింది. అరచేతులు చీరుకుపోయాయి. "అత్తా, కళ్ళు మూయకు. నన్ను తిట్టు. తిడతానే ఉండు" అని అరుస్తూ తెడ్డు వేసింది. పైడమ్మ నిజంగానే ఏదో గొణిగింది. తిట్టో, దండమో నాకు తెలియలేదు. నా బతుకులో నాకు సంతోషం కలిగింది ఆ అరగంటే. నా యజమాని నన్ను ఎక్కింది. ఎక్కి, ఒక ప్రాణాన్ని దాటించింది.

పైడమ్మ బతికింది. తాతారావు తిరిగొచ్చి, పెళ్ళాం అరచేతులు తన చేతుల్లోకి తీసుకుని చూశాడు. "మా యమ్మని బతికించినావే" అని ఏడ్చాడు. పేటలో ఆడవాళ్ళు వారం రోజులు ఆ సంగతే చెప్పుకున్నారు. రెండో వారం కూడా ఆ సంగతే చెప్పుకున్నారు, కాకపోతే గొంతులు తగ్గించి.

మాఘమాసంలో నాకు చిల్లు పడింది. మధ్యాహ్నం వేళ తాతారావు ఏటి మొగ దగ్గర వల విడుస్తున్నాడు. ముందు చెక్క కింద చివరి పొర కూడా తెగిపోయింది. ఆయన కాళ్ళు తడిశాక గానీ చూసుకోలేదు. డబ్బాతో నీళ్ళు తోడాడు. తోడినకొద్దీ వచ్చాయి. ఆటుపోటులో నీళ్ళు వెనక్కి లాగే సమయం అది. ఏరు ఆయనను సముద్రంలోకి లాగింది. ఖాళీ నూనె డబ్బాను కావిలించుకుని ఎంతసేపు కొట్టుకున్నాడో, చివరికి ఇంకో పడవవాళ్ళు జుట్టు పట్టుకుని లాగారు. వల పోయింది. మర్నాడు నీరు తీశాక నన్ను తాళ్ళు కట్టి ఒడ్డుకు ఈడ్చి, అమ్మవారి గుడి పక్కన బోర్లా పడేశారు.

చిల్లు కనబడింది. కారణం కోసం ఎవరూ వెతకలేదు, ఎందుకంటే కారణం వాళ్ళ దగ్గర నాలుగు నెలలుగా సిద్ధంగా ఉంది. ఆడది పడవెక్కింది.

పెద్దలు కూర్చునే ముందురోజు గున్నమ్మ నా దగ్గరికి ఒక్కతే వచ్చింది. నన్ను బలంకొద్దీ పక్కకు ఒరిగించి, లోపలి చెక్కలు ఊడదీసింది. ముందు చెక్క తీసేసరికి సందులో రాగి రేకు. చుట్టూ తెల్లటి పిండి. ఆమె గోటితో ఆ పిండి గీకింది. నేను రాలాను. రేకును బయటికి లాగి తిప్పి చూసింది. దాసుడి గీతలు ఉన్నాయి. "పులుసు" అంది చివరికి, ఒక్క మాట. నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. దొరికింది, ఇక ఏ భయమూ లేదు అనుకున్నాను. మనుషుల మధ్య రెండున్నరేళ్ళు ఉండి కూడా నిజం దొరికితే చాలని నమ్మిన వెర్రిదాన్ని నేను.

పెద్దలు గుడి ముందు, నా పక్కనే ఇసుకలో కూర్చున్నారు. కులపెద్ద మైలపల్లి ఎర్రయ్య అడిగాడు.

"గున్నమ్మా, పడవెక్కినావా నేదా?"

"ఎక్కినాను."

"ఆడది ఎక్కకూడదని తెల్దా?"

"తెలుసు బాబూ. మా అత్త సచ్చిపోతాదని ఎక్కినాను. ఇదుగో మా అత్త."

అందరూ పైడమ్మ వంక చూశారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. "నాకా యేల తెలివి నేదు నాయినా. నన్ను బతికించింది, నిజివే. కానీ నన్ను బతికించడానికి పడవని సంపీసింది. నా కొడుకు కూడా పోయేవోడు కదా" అని బావురుమంది. ఆ ముసలిదాన్ని మోసింది నేను. ఆ మాట వినబడ్డప్పుడు ఏటి మధ్యలోనే మునిగిపోయి ఉంటే బాగుండేదనిపించింది. పాపం తగులుతుందన్నా సరే, అనిపించింది.

గున్నమ్మ కొంగుముడి విప్పి రాగి రేకు తీసి ఇసుకలో పెట్టింది. "పడవని నాను సంపనేదు. ఇది సంపింది. సత్తుకి రాగి తగలకూడదని మేస్త్రి నాకు సెప్పినాడు. నాను మా మావకి సెప్పినాను, ఒకసారి కాదు రెండుసార్లు. అడగండి. మేస్త్రికి కావాలంటే ఫోను సెయ్యండి."

"పట్నం మేస్త్రికి మన అమ్మోరి సంగతి ఏటి తెలుసు?" అన్నాడు ఎర్రయ్య. కానీ ఆయన మరీ మొండిమనిషి కాదు. తాతారావు వైపు తిరిగాడు. "ఏరా, నీ పెళ్ళాం నీకు సెప్పిందా? రాగి ఎట్టొద్దని ముందే సెప్పిందా?"

సెప్పింది, అంటే చాలు. ఒక్క మాట. ఆ మాటతో గున్నమ్మ బయటపడుతుంది. ఆ మాటతోనే తాతారావు పెళ్ళానికి అబద్ధం చెప్పి, చాటుగా రేకు పెట్టి, తన పడవను తానే ముంచుకున్న వెంగళప్ప అవుతాడు. దాసుడు లచ్చన్న ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఊరు మొత్తం నవ్వడానికి సిద్ధంగా ఉంది.

తాతారావు తల ఎత్తలేదు. "నాకేటీ సెప్పనేదు" అన్నాడు.

గున్నమ్మ ఆయన వంక చూసింది, అంతే. ఆ చూపు ఆయన చూడలేదు. నేను చూశాను.

అప్పుడు లచ్చన్న లేచాడు. రేకును రెండు చేతులతో ఎత్తి, నీళ్ళతో కడిగి, అందరికీ చూపించాడు. "సూడండి. పడవ కుళ్ళిపోయింది. రేకు సెక్కు సెదిరిందేటి? గీత సెరిగిందేటి? అమ్మోరు రేకులో ఉంది. ఆడదాని కాలు పడవలో ఉంది. అమ్మ తన రేకుని కాపాడుకుని, మైలపడ్డ పడవని వొదిలేసింది. ఈ రేకే నేకపోతే తాతారావు శవమై తేలేవోడు."

చేతులన్నీ జోడించుకున్నాయి. నాకు నవ్వొచ్చింది. నన్ను తిని బతికిన రాగి చెక్కు చెదరకుండా ఉండక ఏమవుతుంది? తిన్నదేమో పుష్టిగా ఉంది, తినబడ్డదేమో చిక్కిపోయింది. దాన్ని చూసి, తిన్నదానికి దండం పెట్టి, చిక్కినదాన్ని మైల అన్నారు. ఈ తీర్పు నా ఒక్కదాని విషయంలోనే ఇచ్చారని నేను అనుకోను.

గున్నమ్మ గుడి ముందు నిలబడి "తప్పు నాదే" అనాలి, అనేదాకా ఒడ్డుకు రాకూడదు అన్నారు. "అనను" అని ఆమె ఇంటికి వెళ్ళిపోయింది.

చేపలమ్మే ఆడదానికి ఒడ్డు లేకపోతే ఏముంటుంది? పొద్దున్నే పడవలు వచ్చే వేళకు ఆమె ఖాళీ గంపతో ఇళ్ళ దగ్గరే నిలబడేది. ఎవరూ ఆమె గంపలో ఒక్క చేప వేయలేదు. పక్క పేటకు నడిచి వెళ్ళింది. మాట ఆమె కన్నా ముందే అక్కడికి చేరింది. ఆ ఇంటి మనిషని తాతారావును కూడా ఎవరూ తమ పడవలో వేటకు పిలవలేదు. పైడమ్మకు ఊపిరి మందులు అయిపోయాయి. ఇరవై ఆరు రోజులు గున్నమ్మ ఆ మాట అనలేదు. ఇరవై ఏడో రోజు మధ్యాహ్నం తలస్నానం చేసి, తడి చీరతో గుడి దగ్గరికి వచ్చింది. వెనక ఇంటి గుమ్మంలో పైడమ్మ దగ్గు ఇక్కడికి వినబడుతోంది.

"తప్పు నాదే" అంది గున్నమ్మ.

ఆడవాళ్ళు ఒక్కసారిగా వచ్చి ఆమెను పట్టుకున్నారు. ఒకామె బొట్టు పెట్టింది. ఇంకొకామె తన గంపలోంచి రెండు పెద్ద చేపలు తీసి ఆమె గంపలో వేసింది. అందరి కళ్ళలోనూ నీళ్ళు. వాళ్ళు కపటంగా ఏడవలేదు, నిజంగానే ప్రేమగా ఏడ్చారు. నాకు అదే భరించరానిదిగా ఉంది. నిజంగా ప్రేమించేవాళ్ళు ఇంతమంది ఉండి, ఆమె మాట నమ్మినవాళ్ళు ఒక్కరూ లేరు.

నన్ను బాగుచేయించవచ్చు. జోగారావు మేస్త్రి అరపూటలో అతుకు వేస్తాడు. గున్నమ్మ ఆ మాట అంటే, మైలపడ్డ పడవ ఒడ్డున ఉండకూడదన్నారు. పాత సామాన్లు కొనేవాడికి కబురు వెళ్ళింది.

వ్యాను రావలసిన రోజు పొద్దున్న తాతారావు నా దగ్గరికి వచ్చాడు. ఒడ్డు అవతలి కొసన చేపల వేలంపాట సాగుతోంది. జనమంతా అక్కడే ఉన్నారు. ఆయన నా పక్కన ఇసుకలో కూలబడి, చిల్లులో వేలు పెట్టి అంచులు తడిమాడు.

"అది సెప్పింది" అన్నాడు నాతో. "లారీ కాడే సెప్పింది. రెండుసార్లు సెప్పింది. నాను ఇన్నాను. ఇన్నా గానీ ఎట్టినాను. నాదే తప్పు. నాదే." తల నా రేకుకు ఆనించి కొట్టుకున్నాడు. నేను ఖంగుమన్నాను. అంతకన్నా నేనేం చేయగలను? నోరున్నవాడు వచ్చి, నోరు లేనిదాని ముందు నిజం చెప్పుకుంటున్నాడు. నలుగురిలో చెప్పాల్సిన ఒకే ఒక్క మాటను, ఆ నలుగురూ లేని చోటు చూసుకుని, ఎంత చక్కగా, ఎంత తడబాటు లేకుండా చెప్పాడో. నాకు జాలి కలగలేదు. మీకు కలిగితే మీ ఇష్టం.

ఆయన తల ఎత్తేసరికి గున్నమ్మ ఎదురుగా ఉంది. చంకలో గంప. ఎప్పుడు వచ్చిందో, ఎంత విందో తెలియదు. అంతా విన్నట్టే ఉంది ఆమె ముఖం.

"ఒలే..." అన్నాడు తాతారావు.

"పాట అవతండాది. అందరూ అక్కడే ఉన్నారు. రా మావా, వొచ్చి ఆ మాట అక్కడ సెప్పు" అంది గున్నమ్మ.

ఆయన ఒడ్డు కొస వైపు చూశాడు. ఎర్రయ్య ఉన్నాడు. లచ్చన్న ఉన్నాడు. నవ్వుతూ తుళ్ళుతూ ఊరంతా ఉంది. ఆయన లేవలేదు. ఇసుకలో వేలితో ఏదో గీస్తూ ఉండిపోయాడు. ఆమె తొందరపెట్టలేదు. వేట నుంచి రావలసిన పడవ కోసం ఎదురుచూసినట్టు ఎంతో ఓపికగా చూసింది. వ్యాను హారన్ దగ్గరపడింది.

"పోన్లే. పడవకి సెప్పుకున్నావు కదా, మంచిపనే సేసినావు. అదెవులికీ సెప్పదు" అని, గంప తలకెత్తుకుని పాట దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను పట్నంలో ఒక తుక్కు దుకాణం వెనక ఉన్నాను. నా మీద సొట్టలు పోయిన కుక్కర్లూ, విరిగిన కిటికీ చట్రాలూ పడేశారు. ఎల్లుండి కొలిమి వెలిగిస్తారట. కరిగాక నేను ఏమవుతానో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. గున్నమ్మ నోటి నుంచి నేను మొత్తం రెండు అబద్ధాలు విన్నాను. ఒకటి గుడి ముందు ఊరంతా విన్నది. అది నేను చెరపలేను. రెండోది, నేనెవరికీ చెప్పనన్నది. దాన్నయినా చెరిపి పోదామని, కొలిమికి ముందు మీకిదంతా చెప్పాను.